పిండాభివృద్ధి జన్యువులు – జంతు దేహ నిర్మాణ పరిణామం

జంతువుకు తల ఎటు, తోక ఎటు, వీపు ఏది, పొట్ట ఏది, కాళ్లు ఎన్ని, అవి ఎక్కడ మొలవాలి అన్న సంగతులన్నీ పిండదశలోనే తేలిపోతాయి. వాటిని తేల్చేవి పిండాభివృద్ధి జన్యువులు. కోట్ల సంవత్సరాల కాలంలో ఈ జన్యువుల పనితీరు ఎలా మారిందో, ఆ మార్పులు జంతువుల ఆకారాలను ఎలా మలిచాయో పరిశోధించే శాస్త్రశాఖను పరిణామ-అభివృద్ధి జీవశాస్త్రం అంటారు. శాస్త్రవేత్తల వాడుకలో దాని పొట్టిపేరు ఈవో-డీవో.

గత నాలుగు దశాబ్దాలకు పైగా సాగిన పరిశోధనలో ఎవరూ ఊహించని విషయం ఒకటి బయటపడింది. ఈగ దేహాన్నీ, చేప దేహాన్నీ, మనిషి దేహాన్నీ తీర్చే కీలక జన్యువులు చాలావరకు ఒకే కుటుంబాలకు చెందినవి. జంతువుల మధ్య మనకు కనిపించే తేడాల్లో పెద్దభాగం కొత్త జన్యువులు పుట్టడం వల్ల రాలేదు. పాత జన్యువులే పిండంలో పనిచేసే చోటు, సమయం, మోతాదు మారడం వల్ల వచ్చింది.

దేహ నిర్మాణ ప్రణాళిక

జంతుశాస్త్రం నేడు జీవిస్తున్న జంతువులను సుమారు 35 వర్గాలుగా విభజిస్తుంది. ఒక్కో వర్గానికి ఒక మూల నిర్మాణం ఉంటుంది. దాన్నే దేహ నిర్మాణ ప్రణాళిక అంటారు. దేహం ఏ సౌష్ఠవంలో ఉంది, ఎన్ని పిండ పొరల నుంచి ఏర్పడింది, ఖండాలుగా విడిపోయిందా లేదా, నాడీదండం ఎటువైపు ఉంది, ఉపాంగాలు ఎలాంటివి అన్నవి ఈ ప్రణాళికకు ముఖ్య లక్షణాలు. జెల్లీచేపది వలయ సౌష్ఠవం. వానపాము, జెర్రి, రొయ్య, మనిషి ద్విపార్శ్వ సౌష్ఠవం ఉన్న జీవులు. వానపాములోనూ జెర్రిలోనూ ఖండాలు బయటికే కనిపిస్తాయి. మనిషిలో అవి వెన్నుపూసల రూపంలో లోపల దాగి ఉంటాయి. కీటకాల నాడీదండం పొట్టవైపు, గుండె వీపువైపు ఉంటే, సకశేరుకాల్లో ఇది తలకిందులు.

ఇన్ని ప్రణాళికలు ఎలా ఏర్పడ్డాయన్నది జీవశాస్త్రంలోని పాత ప్రశ్న. ప్రకృతివరణం తగిన రూపాలను నిలబెడుతుందని డార్విన్ చూపించాడు. అయితే నిలబడటానికి ముందు ఆ రూపం ఏర్పడాలి. అది ఏర్పడేది పిండంలో. అందుకే ఆకార పరిణామం అర్థం కావాలంటే పిండం పెరిగే తీరు ఎలా మారిందో తెలియాలి.

ఆలోచనల చరిత్ర

ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు ఎటియెన్ జెఫ్రాయ్ సాంతిలేర్ జంతువులన్నిటి వెనుక ఒకే నిర్మాణ సూత్రం ఉందని నమ్మాడు. సముద్రపు రొయ్య జాతికి చెందిన లాబ్‌స్టర్‌ను వెల్లకిలా పడుకోబెడితే దాని అవయవాల అమరిక సకశేరుకాన్ని పోలి ఉంటుందని 1822లో వాదించాడు. జంతువులు ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు శాఖలని చెప్పిన జార్జ్ కువియేతో ఆయనకు 1830లో పారిస్ సైన్స్ అకాడమీలో జరిగిన వాదం చరిత్రలో నిలిచిపోయింది. ఆనాటికి గెలుపు కువియేదే అనిపించింది. జెఫ్రాయ్ ఊహలోని సారం నూట అరవై ఏళ్లకు పైగా గడిచాక జన్యువుల్లో బయటపడింది.

వేర్వేరు సకశేరుకాల పిండాలు తొలిదశల్లో ఒకదాన్నొకటి పోలి ఉంటాయనీ, పెరిగేకొద్దీ వేరుపడతాయనీ కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేయర్ 1828లో గమనించాడు. ప్రతి జీవీ పిండదశలో తన పూర్వికుల రూపాలను వరుసగా దాటి వస్తుందని ఎర్నెస్ట్ హెకెల్ 1866లో చెప్పిన సిద్ధాంతం చాలాకాలం ప్రచారంలో ఉన్నా చివరికి నిలబడలేదు. 1894లో విలియం బేట్సన్, ఒక అవయవం ఉండాల్సిన చోట మరో అవయవం పూర్తి రూపంలో మొలిచిన ఉదాహరణలను ఎన్నో సేకరించి ప్రచురించాడు. ఈ మార్పుకు ఆయన పెట్టిన పేరు హోమియోసిస్. హోమియోటిక్ జన్యువులకు ఆ పేరు వచ్చింది దాని నుంచే.

1930లు, 40లలో మెండెల్ జన్యుశాస్త్రం, డార్విన్ సిద్ధాంతం కలిసి నవీన సంశ్లేషణ సిద్ధాంతంగా రూపుదిద్దుకున్నాయి. జనాభాలో జన్యువుల నిష్పత్తి ఎలా మారుతుందో అది చక్కగా వివరించింది. జన్యువు నుంచి ఆకారం ఎలా వస్తుందో చెప్పగల సాధనాలు ఆ రోజుల్లో లేకపోవడంతో పిండశాస్త్రం ఆ సంశ్లేషణకు వెలుపలే ఉండిపోయింది.

పండ్ల ఈగ చూపిన దారి

దారి చూపింది డ్రోసోఫిలా అనే పండ్ల ఈగ. 1915లో కొలంబియా విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రజ్ఞుడు మోర్గాన్ ప్రయోగశాలలో కాల్విన్ బ్రిడ్జెస్‌కు ఒక వింత ఉత్పరివర్తనం దొరికింది. ఈగకు ఉరోభాగంలోని రెండో ఖండం మీద ఒక జత రెక్కలు, మూడో ఖండం మీద హాల్టీర్‌లు ఉంటాయి. హాల్టీర్ అంటే ఎగిరేటప్పుడు తూకం తప్పకుండా చూసే చిన్న గుండీలాంటి అవయవం. ఆ ఉత్పరివర్తనంలో హాల్టీర్ కొంతమేరకు రెక్కగా మారింది. దానికి బైథొరాక్స్ అని పేరు పెట్టారు.

కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్వర్డ్ లూయిస్ ఈ జన్యు సముదాయం మీద దశాబ్దాల పాటు పనిచేశాడు. తగిన ఉత్పరివర్తనాలను ఒకే ఈగలోకి తెచ్చి, హాల్టీర్‌ల స్థానంలో పూర్తి రెక్కలున్న నాలుగు రెక్కల ఈగను సృష్టించాడు. మూడో ఖండం తన గుర్తింపు కోల్పోయి రెండో ఖండంలా పెరగడమే దీనికి కారణం. 1978లో వెలువడిన ఆయన పత్రం మరో విశేషాన్ని వెల్లడించింది. ఈ జన్యువులు క్రోమోజోమ్ మీద ఏ వరుసలో ఉన్నాయో, దేహంలో తల నుంచి తోక దాకా అవి తీర్చిదిద్దే ఖండాలు కూడా అదే వరుసలో ఉన్నాయి.

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషౌస్ ఈగ పిండాన్ని ఖండాలుగా విడగొట్టే జన్యువుల కోసం పెద్దఎత్తున వెతికి, 1980లో తొలి ఫలితాలు ప్రకటించారు. కొన్ని జన్యువులు పిండాన్ని విశాలమైన భాగాలుగా విడదీస్తాయి. కొన్ని వాటిని జంట ఖండాల పట్టీలుగా మారుస్తాయి. మరికొన్ని ఒక్కో ఖండంలో ముందుభాగమేదో వెనుకభాగమేదో నిర్ణయిస్తాయి. ఆ తరువాత హోమియోటిక్ జన్యువులు ప్రతి ఖండానికీ దాని గుర్తింపును ఇస్తాయి. లూయిస్, న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, వీషౌస్ ముగ్గురికీ 1995లో నోబెల్ బహుమతి లభించింది.

హోమియోబాక్స్, హాక్స్ జన్యువులు

1983-84లో స్విట్జర్లండ్‌లోని బాసెల్‌లో వాల్టర్ గేరింగ్ బృందం, అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో మాథ్యూ స్కాట్ బృందం విడివిడిగా ఒకే విషయాన్ని కనుగొన్నాయి. ఈగ హోమియోటిక్ జన్యువులన్నిటిలో దాదాపు ఒకే రకమైన 180 క్షారజంటల భాగం ఉంది. అదే హోమియోబాక్స్. దాని నుంచి తయారయ్యే 60 అమైనో ఆమ్లాల ప్రోటీన్ భాగం డీఎన్ఏను పట్టుకుంటుంది. పట్టుకుని ఇతర జన్యువులను పనిచేయిస్తుంది, లేదా ఆపుతుంది. అంటే హోమియోటిక్ జన్యువు స్వయంగా కాలునో రెక్కనో కట్టదు. ఆ పని చేసే వందలాది జన్యువులకు ఎక్కడ పనిచేయాలో, ఎక్కడ మానాలో చెబుతుంది.

గేరింగ్ బృందం ఇదే భాగం కోసం ఇతర జంతువుల్లో వెతికింది. వానపాములో, కప్పలో, ఎలుకలో, మనిషిలో కూడా అది దొరికింది. యాభై కోట్ల ఏళ్లకు పైబడి వేర్వేరు దారుల్లో నడిచిన జంతువుల్లో ఒకే జన్యు భాగం ఇంత పదిలంగా ఉండటం జీవశాస్త్రజ్ఞులను నిర్ఘాంతపరిచింది. ఈగకూ మనిషికీ ఉమ్మడి అభివృద్ధి జన్యువులు ఉంటాయని అప్పటిదాకా ఎక్కువమంది అనుకోలేదు.

హోమియోబాక్స్ ఉన్న జన్యువుల్లో, తల నుంచి తోక దాకా స్థానాన్ని నిర్దేశించే ప్రత్యేక కుటుంబానికి హాక్స్ జన్యువులని పేరు. పండ్ల ఈగలో ఇవి 8. ఎలుకలో, మనిషిలో 39. మనిషిలో ఇవి నాలుగు గుంపులుగా 7, 17, 12, 2 సంఖ్యల క్రోమోజోమ్‌ల మీద ఉన్నాయి. లూయిస్ ఈగలో చూసిన వరుస క్రమం ఎలుకలో కూడా ఉందని 1980ల చివర్లో రుజువైంది. గుంపులో ఒక కొసన ఉన్న జన్యువులు తలవైపు, పిండంలో ముందుగా పనిచేస్తాయి. మరో కొసన ఉన్నవి తోకవైపు, ఆలస్యంగా పనిచేస్తాయి. ఈ ఏకరేఖీయత అన్ని జంతువుల్లోనూ నిలవలేదు. ఈగలోనే హాక్స్ గుంపు రెండు ముక్కలై ఉంది. అయినా ద్విపార్శ్వ జంతువుల ఉమ్మడి పూర్వికుడిలో వరుసగా అమరిన హాక్స్ గుంపు ఉండేదని చాలామంది శాస్త్రవేత్తల నిర్ణయం.

ఉమ్మడి జన్యు వారసత్వం

ఈ ఉమ్మడితనం హాక్స్ జన్యువులతో ఆగిపోలేదు. కన్నునే తీసుకుందాం. ఈగ సంయుక్త నేత్రం, మనిషి కన్ను నిర్మాణంలో ఎక్కడా పొంతన లేనివి. ఈగలో కన్ను ఏర్పడటానికి ఐలెస్ అనే జన్యువు కావాలి. మనిషిలో పాక్స్-6 జన్యువు లోపిస్తే కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ సరిగా ఏర్పడదు. ఎలుకలో అదే లోపం కన్నును చిన్నది చేస్తుంది. ఐలెస్, పాక్స్-6 రెండూ ఒకే జన్యువు వారసులని 1994లో గేరింగ్ బృందం తేల్చింది. మరుసటి ఏడాది ఆ జన్యువును ఈగ కాళ్లలో, రెక్కల్లో, స్పర్శశృంగాల్లో పనిచేయిస్తే ఆ చోట్లలో కళ్లు మొలిచాయి. ఎలుక జన్యువును ఈగలో పెట్టినా కన్ను మొలిచింది. అయితే మొలిచింది ఎలుక కన్ను కాదు, ఈగ కన్నే. జన్యువు ఇచ్చేది 'ఇక్కడ కన్ను' అన్న ఆదేశం. ఎలాంటి కన్ను అన్నది ఆ జీవిలోని మిగతా జన్యువుల పని.

గుండెదీ అదే కథ. టిన్‌మ్యాన్ అనే జన్యువు లేకపోతే ఈగ పిండంలో గుండె ఏర్పడదు. దానికి సమానమైన ఎన్‌కేఎక్స్ 2-5 జన్యువులో లోపముంటే మనుషుల్లో పుట్టుకతో గుండెజబ్బులు వస్తాయని 1998లో తెలిసింది.

జెఫ్రాయ్ వెల్లకిలా పడుకోబెట్టిన లాబ్‌స్టర్‌కు కూడా జన్యువుల్లోనే సమాధానం దొరికింది. ఈగ పిండంలో వీపువైపు డీపీపీ అనే ప్రోటీన్, పొట్టవైపు దాన్ని అడ్డుకునే సాగ్ ప్రోటీన్ ఉంటాయి. నాడీదండం ఏర్పడేది సాగ్ ఉన్న పొట్టవైపు. కప్పలో డీపీపీకి సమానమైన బీఎంపీ-4 పొట్టవైపు ఉంటుంది. సాగ్‌కు సమానమైన కార్డిన్ వీపువైపు ఉంటుంది. నాడీదండం వీపువైపే ఏర్పడుతుంది. అంటే రెండు వంశాల్లోనూ ఉన్నది ఒకే ఏర్పాటు, దిక్కు మాత్రం తిరగబడింది. 1996లో ఎడ్డీ డి రాబర్టిస్, యోషికి ససాయ్ ఈ ఆధారాలను ఒకచోట చేర్చి జెఫ్రాయ్ ఆలోచనకు మళ్లీ ప్రాణం పోశారు.

నియంత్రణ ఖండాలు

జన్యువులు ఉమ్మడివైతే తేడాలు ఎక్కడి నుంచి వచ్చాయి? మనిషికీ చింపాంజీకీ ప్రోటీన్లలో తేడా చాలా తక్కువనీ, ఆకారాల్లోని తేడాకు జన్యు నియంత్రణలోని మార్పులే కారణమై ఉంటాయనీ మేరీ-క్లెయిర్ కింగ్, అలన్ విల్సన్ 1975లోనే సూచించారు. పరిణామం చేతికందిన పాత సరుకునే మళ్లీ మళ్లీ కొత్త పనులకు మలుచుకుంటుందని ఫ్రాన్స్వా జకోబ్ 1977లో రాశాడు.

ప్రతి అభివృద్ధి జన్యువుకూ దగ్గరలోనో దూరంగానో ఎన్‌హాన్సర్‌లనే నియంత్రణ ఖండాలు ఉంటాయి. ఇవి ప్రోటీన్‌ను తయారుచేయవు. జన్యువు ఏ కణాల్లో, ఎప్పుడు, ఎంత మోతాదులో పనిచేయాలో ఇవి నిర్ణయిస్తాయి. ఒకే జన్యువుకు దవడలో ఒకటి, కాలిలో ఒకటి, మెదడులో ఒకటి చొప్పున వేర్వేరు ఎన్‌హాన్సర్‌లు ఉండవచ్చు. ఒకే చుక్కల వరుసను వేర్వేరు రీతుల్లో కలిపితే వేర్వేరు ముగ్గులు వచ్చినట్టు, ఒకే జన్యు సామగ్రిని వేర్వేరు రీతుల్లో నియంత్రించడం వల్ల వేర్వేరు దేహాలు ఏర్పడతాయి.

ఈ అమరికకు పరిణామంలో ఎంతో విలువ ఉంది. దేహంలో పలుచోట్ల అవసరమయ్యే ప్రోటీనే చెడితే పిండం బతకదు. ఒక్క ఎన్‌హాన్సర్ మారితే ఒక్క అవయవమే మారుతుంది, మిగతా దేహం క్షేమంగా ఉంటుంది.

దీనికి స్టికిల్‌బ్యాక్ చేప స్పష్టమైన ఉదాహరణ. సముద్రంలో ఉండే ఈ చేపలకు కటి ప్రాంతంలో పదునైన ముళ్లు ఉంటాయి. సుమారు పదివేల ఏళ్ల క్రితం హిమయుగం ముగిసి, మంచు కరిగి ఏర్పడిన సరస్సుల్లో చిక్కుపడ్డ కొన్ని గుంపులు ఆ ముళ్లను కోల్పోయాయి. స్టాన్‌ఫోర్డ్‌లో డేవిడ్ కింగ్‌స్లీ బృందం దీని కారణాన్ని పిట్‌ఎక్స్-1 అనే జన్యువు దగ్గర పట్టుకుంది. ముళ్లు పోయిన చేపల్లో కూడా ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్ చెక్కుచెదరలేదు. కటి ప్రాంతంలో దాన్ని పనిచేయించే ఎన్‌హాన్సర్ మాత్రం తెగిపోయింది. ఆ ఖండాన్ని పిట్‌ఎక్స్-1తో జతచేసి, ముళ్లు లేని చేపలో ప్రవేశపెట్టగా కటి నిర్మాణం తిరిగి వచ్చిందని 2010లో ప్రకటించారు. వేర్వేరు సరస్సుల్లో విడివిడిగా ఈ ఖండమే పదేపదే తెగిపోవడం గమనించదగ్గది.

కీటకాల కాళ్లు, రెక్కలు

కీటకాలు, రొయ్యలు, సాలీళ్లు, జెర్రులు ఉన్న ఆర్థ్రోపోడా వర్గంలో ఖండాల గుర్తింపు మారడమే వైవిధ్యానికి ప్రధాన మార్గం. రొయ్యలకూ పీతలకూ నోటి వెనుక మూడు జతల కాళ్లు నడకకు కాక ఆహారం అందుకునేందుకు ఉపయోగపడతాయి. ఆర్టీమియా అనే ఉప్పునీటి జీవిలో అలాంటివి లేవు, ఉరోభాగంలోని కాళ్లన్నీ ఒకే తీరు. అల్ట్రాబైథొరాక్స్ అనే హాక్స్ జన్యువు పనిచేసే హద్దు ఎంత వెనక్కి జరిగితే అన్ని జతల కాళ్లు నోటి సహాయకాలుగా మారాయని మిఖాలిస్ ఆవెరాఫ్, నిపమ్ పటేల్ 1997లో చూపించారు. 2009లో పార్‌హ్యాలే అనే చిన్న సముద్రజీవిలో ఈ జన్యువును అణచివేయగా నడక కాళ్లు నోటి సహాయకాల రూపం దాల్చాయి.

కీటకాలకు ఆరు కాళ్లే ఎందుకన్నదానికి కూడా ఇదే జన్యువు సమాధానం చెప్పింది. కాలు మొలవాలంటే డిస్టల్‌లెస్ అనే జన్యువు పనిచేయాలి. కీటకాల ఉదరభాగంలో అల్ట్రాబైథొరాక్స్ దాన్ని అణచివేస్తుంది. ఆర్టీమియా అల్ట్రాబైథొరాక్స్‌కు ఆ శక్తి లేదు. కీటకాల వంశంలో ఈ ప్రోటీన్ తోకభాగం మారడం వల్ల ఆ శక్తి వచ్చిందని 2002లో రెండు అమెరికన్ బృందాలు తెలిపాయి. ఎన్‌హాన్సర్‌లే కాదు, ప్రోటీన్‌లో వచ్చే మార్పు కూడా దేహ నిర్మాణాన్ని మార్చగలదనడానికి ఇది రుజువు.

రెక్కల సంగతి ఇంకా ఆసక్తికరం. ఈగలో అల్ట్రాబైథొరాక్స్ వెనుక రెక్కను హాల్టీర్‌గా కుదిస్తుంది. సీతాకోకచిలుకలో కూడా వెనుక రెక్కలో అదే జన్యువు పనిచేస్తుంది, కానీ అక్కడ పూర్తి రెక్కే ఏర్పడుతుంది. పెంకు పురుగుల్లో గట్టి పెంకుగా మారేది ముందు రెక్క. వాటిలో అల్ట్రాబైథొరాక్స్‌ను తొలగిస్తే వెనుక రెక్క కూడా పెంకులా మారుతుంది. జన్యువు ఒకటే, అది అదుపు చేసే జన్యువుల జాబితా ఒక్కో వంశంలో ఒక్కో విధంగా మారింది.

ఈ అంశం మీద హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ (సీసీఎంబీ)లో చెప్పుకోదగ్గ కృషి జరిగింది. హాల్టీర్‌లో అల్ట్రాబైథొరాక్స్ రెక్కను కట్టే సంకేత మార్గాలను ఎలా అణచివేస్తుందో అక్కడ ఎల్.ఎస్. శశిధర బృందం వివరించింది. ఆ తరువాత పుణేలో ఆయన బృందం పండ్ల ఈగ, తేనెటీగ, పట్టుపురుగుల్లో ఈ ప్రోటీన్ పట్టుకునే జన్యువులను పోల్చి చూసింది. సీసీఎంబీలోనే రాకేశ్ మిశ్రా బృందం హాక్స్ గుంపులోని నియంత్రణ ఖండాలు ఒకదాని పనిలో మరొకటి జోక్యం చేసుకోకుండా కాపాడే డీఎన్ఏ సరిహద్దులను పరిశోధించింది.

వెన్నెముక: మెడ, నడుము, పాము

సకశేరుకాల్లో హాక్స్ జన్యువుల ప్రభావం వెన్నెముకలో స్పష్టంగా కనిపిస్తుంది. కోడికి మెడపూసలు 14, ఎలుకకు 7. రెండింటిలోనూ హాక్స్‌సీ-6 జన్యువు పనిచేయడం మొదలయ్యేది మెడ ముగిసి ఛాతీ మొదలయ్యే చోటనే. పూసల సంఖ్య ఎంతైనా, ఈ హద్దు ఆ సంధిని వదలదు. హాక్స్-10 జన్యువులన్నిటినీ తొలగించిన ఎలుకల్లో నడుము పూసలకు కూడా పక్కటెముకలు మొలిచాయని డెనీన్ వెలిక్, మారియో కపెక్కి 2003లో చూపించారు. నడుముకు పక్కటెముకలు లేకపోవడం ఆ జన్యువుల పనే.

పాము దేహంలో మూడు వేర్వేరు మార్పులు కలిశాయి. మొదటిది పూసల సంఖ్య. పిండంలో ఒక్కో ఖండం ఒక జన్యు గడియారం లయకు తగ్గట్టు విడివడుతుంది. 1997లో కోడి పిండంలో బయటపడిన ఈ గడియారం ప్రతి 90 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. 2008లో ఒలివియే పుర్కియే బృందం, పిండం పెరిగే వేగంతో పోలిస్తే కార్న్ స్నేక్‌లో ఈ గడియారం ఎలుకలో కన్నా చాలా వడిగా తిరుగుతుందని కనుగొంది. అందుకే ఎలుకలో 65 ఖండాలు ఏర్పడితే ఆ పాములో 315 ఏర్పడతాయి.

రెండోది పక్కటెముకలు. పాములో హాక్స్-10 ప్రోటీన్ చెడిపోలేదు. పక్కటెముకల జన్యువులను నియంత్రించే ఒక ఎన్‌హాన్సర్‌లో మార్పు రావడంతో ఆ ప్రోటీన్ మాట అక్కడ చెల్లడం లేదు. ఫలితంగా పక్కటెముకలు దేహం పొడవునా సాగాయి.

మూడోది కాళ్ల లోపం. కాలి మొగ్గలో సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు పనిచేయాలి. దాన్ని అక్కడ పనిచేయించే జెడ్ఆర్ఎస్ అనే ఎన్‌హాన్సర్ మనిషిలో ఆ జన్యువుకు దాదాపు పది లక్షల క్షారజంటల దూరంలో ఉంటుంది. ఎలుక జెడ్ఆర్ఎస్‌ను తీసి పాము జెడ్ఆర్ఎస్‌ను పెట్టగా, పుట్టిన ఎలుకల కాళ్లు మొండిగా మిగిలిపోయాయని 2016లో వెల్లడైంది. పాముల్లో లోపించిన 17 క్షారజంటల భాగాన్ని కొండచిలువ జెడ్ఆర్ఎస్‌లో తిరిగి చేర్చి ఎలుకలో ఉంచితే కాళ్లు మామూలుగా పెరిగాయి. కొండచిలువకు నేటికీ వెనుక కాళ్ల అవశేషాలు చిన్న ముళ్ల రూపంలో ఉన్నాయి. ఇదే ఖండంలో వేరే రకం మార్పు వస్తే మనుషుల్లో, పిల్లుల్లో అదనపు వేళ్లు మొలుస్తాయి.

రెక్క నుంచి చేయి

నాలుగు కాళ్ల జంతువులు చేపల నుంచి వచ్చాయనడానికి శిలాజ సాక్ష్యం బలంగా ఉంది. కెనడా ఆర్కిటిక్‌లో దొరికి, 2006లో ప్రకటితమైన టిక్టాలిక్ సుమారు 37.5 కోట్ల ఏళ్ల నాటిది. చేపలా పొలుసులున్నా దాని రెక్కలో మణికట్టును పోలిన ఎముకలున్నాయి. మరి వేళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? హాక్స్ఏ-13, హాక్స్‌డీ-13 జన్యువులు రెండూ లేని ఎలుకలకు వేళ్లు ఏర్పడవు. 2016లో నీల్ షుబిన్ బృందం జీబ్రా చేపలో హాక్స్-13 జన్యువులను తొలగించింది. రెక్క అంచున ఉండే సన్నని కిరణాలు చాలావరకు మాయమై, వాటి మొదట్లోని చిన్న ఎముకల సంఖ్య పెరిగింది. చేప రెక్క కిరణాలకూ మన వేళ్లకూ వెనుక ఒకే రకమైన కణాలు, ఒకే జన్యు ఆదేశాలు ఉన్నాయని దీనివల్ల తేలింది. మనుషుల్లో హాక్స్‌డీ-13లో ఒక రకమైన లోపం ఉంటే వేళ్లు అతుక్కుని, సంఖ్యలో ఎక్కువగా పుడతాయి.

జన్యువుల రెట్టింపు, ప్రాచీన మూలాలు

మనిషికి హాక్స్ గుంపులు నాలుగు ఎందుకున్నాయి? సకశేరుకాల పూర్వికుల్లో జన్యు సముదాయం మొత్తం రెట్టింపై ఉంటుందని సుసుము ఒహ్నో 1970లో ప్రతిపాదించాడు. సకశేరుకాలకు దగ్గరి బంధువైన ఆంఫియాక్సస్‌లో 15 జన్యువులతో ఒకే ఒక హాక్స్ గుంపు ఉంది. ఇది ఆ ఊహకు బలమిచ్చింది. చాలా ఎముకచేపల వంశంలో మరోసారి రెట్టింపు జరిగింది, జీబ్రా చేపలో నేడు ఏడు గుంపులున్నాయి. రెట్టింపైనప్పుడు ఒక ప్రతి పాత పని చూసుకుంటే మరో ప్రతి కొత్త పనికి మారే వీలు కలుగుతుంది. అయితే గుంపులు పెరిగినంత మాత్రాన దేహం సంక్లిష్టం కాదు. ఏడు గుంపులున్న జీబ్రా చేప నాలుగు గుంపులున్న మనిషి కన్నా సంక్లిష్టమైనదని ఎవరూ అనరు.

ఇంకా వెనక్కి వెళితే సీ అనిమోన్‌ల వంటి నిడేరియా వర్గపు జీవుల్లో కూడా హాక్స్ రకపు జన్యువులు కనిపిస్తాయి. 2007లో వెలువడిన నెమటోస్టెల్లా అనే సీ అనిమోన్ జన్యు పటం, మనిషిలోని అభివృద్ధి జన్యు కుటుంబాల్లో చాలావాటి మూలాలు అంత సరళమైన జీవిలో కూడా ఉన్నాయని చూపింది. స్పంజికల్లో హాక్స్ జన్యువులు లేవు.

సుమారు 54 కోట్ల ఏళ్ల క్రితం మొదలైన కేంబ్రియన్ యుగంలో జంతు వర్గాల్లో చాలావాటి శిలాజాలు భూగర్భ కాలమానంలో తక్కువ వ్యవధిలోనే కనిపించాయి. కెనడాలోని బర్జెస్ షేల్, చైనాలోని చెంగ్‌జియాంగ్ శిలలు దీనికి సాక్ష్యం. ఈ జంతువులన్నీ ఉమ్మడి అభివృద్ధి జన్యువుల వారసులే కాబట్టి, ఆ జన్యువులు కేంబ్రియన్ కన్నా ముందే ఉండి తీరాలి. కేంబ్రియన్‌లో దేహ ప్రణాళికలు విస్తరించడానికి ఆక్సిజన్ పెరగడం, ఒక జీవి మరోదాన్ని వేటాడటం వంటి పరిసర కారణాలను పరిశోధకులు ప్రతిపాదిస్తున్నారు. జన్యువులు ముందే ఉన్నా, వాటిని కలిపే నియంత్రణ సంబంధాలు, వాటికి అవకాశమిచ్చే పరిసరాలు కలిసి వచ్చాకే ఆ విస్తరణ సాధ్యమైందన్నది నేటి అవగాహన.

మారనివి, తేలనివి

మార్పుతో పాటు స్థిరత్వాన్ని కూడా ఈ శాస్త్రం వివరించాలి. జిరాఫీకీ ఎలుకకూ మనిషికీ మెడపూసలు ఏడే. స్లాత్, మానటీ వంటి కొన్ని జంతువులే దీనికి మినహాయింపు. పూసల గుర్తింపును మార్చే జన్యు మార్పులు ఇతర అవయవాలను కూడా దెబ్బతీస్తాయి కాబట్టి అలాంటి పిండాలు నిలవవని ఒక వివరణ. సీ అర్చిన్ పిండంలో జన్యువుల మధ్య నియంత్రణ జాలాన్ని చిత్రించిన ఎరిక్ డేవిడ్‌సన్, ఆ జాలంలో అతి కీలకమైన కేంద్ర భాగాలు మారడానికి వీల్లేనివని వాదించాడు. డగ్లస్ ఎర్విన్‌తో కలిసి 2006లో రాసిన పత్రంలో, కేంబ్రియన్ తరువాత వర్గస్థాయి దేహ ప్రణాళికలు స్థిరంగా ఉండటానికి ఇదే కారణమన్నాడు.

భిన్నాభిప్రాయాలూ ఉన్నాయి. ఆకార పరిణామమంతా నియంత్రణ ఖండాల్లోనే జరిగిందనడానికి ఆధారాలు చాలవనీ, ప్రోటీన్ మార్పులకు కూడా తగిన స్థానం ఇవ్వాలనీ హోపి హోక్‌స్ట్రా, జెర్రీ కాయిన్ 2007లో గట్టిగా వాదించారు. కీటకాల అల్ట్రాబైథొరాక్స్ ఉదాహరణ వారి వైపు మాట్లాడుతుంది. ప్రయోగశాలలో పుట్టే నాలుగు రెక్కల ఈగను పరిణామంలో జరిగిన మార్పుకు నకలుగా కూడా చూడకూడదు. ఆ ఈగ సరిగా ఎగరలేదు, ప్రకృతిలో బతకలేదు. ఉత్పరివర్తనం ఏ జన్యువుకు ఏ పని ఉందో చెబుతుంది. పరిణామం ఆ పనిని చిన్న చిన్న మార్పులతో, ప్రతి మెట్టులోనూ బతకగల జీవులతో, ఎన్నో తరాల పాటు మార్చుకుంటూ వచ్చింది.

ప్రాముఖ్యం

ఒకే పూర్వికుడి నుంచి మార్పులతో వంశాలు వచ్చాయన్న డార్విన్ మాటకు ఈ శాస్త్రం పిండంలోనే సాక్ష్యం చూపింది. వైద్యానికి కూడా దీని ఉపయోగం ప్రత్యక్షం. ఈగలో గుండె కట్టే జన్యువును వెతుకుతూ పోతే పసిపిల్లల గుండె లోపాలకు ఒక కారణం తెలిసింది. పాము కాళ్ల కథలోని ఎన్‌హాన్సరే మనుషుల్లో అదనపు వేళ్లకూ కారణమని తేలింది.

2012 తరువాత అందుబాటులోకి వచ్చిన క్రిస్పర్ జన్యు సవరణ పద్ధతి ఈ పరిశోధనను ఈగ, ఎలుకల ఎల్లలు దాటించింది. ఇప్పుడు సీతాకోకచిలుకల్లో, సీ అనిమోన్‌లలో, చిన్న సముద్రజీవుల్లో కూడా ఒక్కో జన్యువు పనిని నేరుగా పరీక్షించగలుగుతున్నారు. యాభై కోట్ల ఏళ్ల నాటి శిలాజంలో డీఎన్ఏ మిగలదు. ఆనాటి జన్యువులు ఎలా పనిచేశాయో తెలుసుకోవడానికి బతికున్న వారసులను పోల్చి చూడటం తప్ప మార్గం లేదు. ఆంఫియాక్సస్, ఆర్టీమియా, పార్‌హ్యాలే వంటి, ఎవరూ పట్టించుకోని జీవులే మన దేహ చరిత్రలోని పెద్ద ప్రశ్నలకు సమాధానాలిచ్చాయి. అలాంటి ఒక వంశం అంతరించిపోతే, జంతు దేహం ఎలా ఏర్పడిందో చెప్పగల సాక్షి ఒకటి శాశ్వతంగా పోయినట్టే. జీవ వైవిధ్యాన్ని కాపాడుకోవడానికి ఇదీ ఒక బలమైన కారణం.